యంత్రం నివేదించిన సంఘటన

పై వాళ్లకు ఉత్సాహం వస్తే కింది వాళ్లకు జ్వరం పట్టుకుంటుంది. ఆ ఏడు ఎండాకాలం చివర్లో విత్తన పరీక్షల శాఖ పెద్దలకు లినక్స్ మీద ఉత్సాహం వచ్చింది. కంప్యూటర్లను నడిపే ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమనీ, పాత ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోస్తుందనీ ఏదో సభలో ఎవరో అన్నారట. మర్నాటికల్లా సర్క్యులర్ తయారైంది. "శాఖ పరిధిలోని సమస్త కంప్యూటర్లయందు లినక్స్‌ను ప్రతిష్ఠించి, పక్షోత్సవములు నిర్వహించి, ఛాయాచిత్రములు జతపరచవలెను. కొత్త యంత్రముల కొరకు వచ్చిన ప్రతిపాదనలు ఇందుమూలముగా తిరస్కరింపబడినవి." మొదటి వాక్యం రెండో వాక్యం కోసమే పుట్టిందని అందరికీ అర్థమైంది. అర్థమైందని పైకి చెప్పే అలవాటు మాత్రం ఆ శాఖలో లేదు.

కంబగిరి పనిచేసే విత్తన పరీక్షా కేంద్రం రాయలసీమలో ఒక చిన్న ఊళ్లో, మార్కెట్ యార్డు వెనక ఉంది. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. కాగితం మీద ఆపరేటరే గానీ, ల్యాబులో ఖాళీలు భర్తీ కాక గింజల్ని ఇసుక ట్రేలలో పెట్టేదీ, నీళ్లు చల్లేదీ, పదో రోజున మొలకలు లెక్కపెట్టేదీ కూడా అతనే. కేంద్రం మొత్తానికి ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్. దాని వయసు పన్నెండేళ్లు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు పీకితే యంత్రం కూడా దాని వెంటే పోతుంది.

రాజధాని నుంచి వచ్చిన నిపుణుడు రెండు రోజుల్లో జిల్లాలోని పదకొండు కేంద్రాలు చుట్టబెట్టాడు. ఇక్కడ గంటన్నర కూర్చుని లినక్స్ ఎక్కించి, ల్యాప్‌టాప్‌కు వేసిన బంతిపూల దండ పక్కన ఫోటో దిగాడు. రెండు ఖాతాలు తెరిచాడు. ఒకటి కంబగిరి పేరున, రోజువారీ పనికి. రెండోది సూపర్ యూజర్ ఖాతా. యంత్రంలో ఏ మార్పు చెయ్యాలన్నా దానికే అధికారం. దాని పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, కేంద్రం అధిపతి అయిన అసిస్టెంట్ డైరెక్టర్ త్రివిక్రమరావు గారి చేతికిచ్చాడు. "కొంచెం జాగ్రత్త సార్" అని కూడా అన్నాడు.

జాగ్రత్త అనే మాట త్రివిక్రమరావు గారి దగ్గర అనకూడదు. ఆయన ఆ కవరుకు అయిదు చోట్ల లక్క సీళ్లు వేయించి, ఇనప బీరువాలో పెట్టి, రిజిస్టరులో "రహస్య కవరు ఒకటి" అని ఎక్కించి, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నారు.

లినక్స్‌ను ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఇంతకుముందు కంబగిరి ఆ ల్యాప్‌టాప్ ఆన్ చేసి, వీధి చివరికి వెళ్లి టీ తాగి వచ్చేవాడు. ఇప్పుడు గ్లాసు సగం కాకముందే అది సిద్ధంగా ఉంటోంది. ఫ్యాను రొద తగ్గింది. తెర మీద అక్షరాలన్నీ తెలుగులో వస్తున్నాయి. ఒక్కటే లోటు, వైఫై పట్టుకోవడం లేదు. పక్కనే రౌటరు మూడు పచ్చ దీపాలతో వెలుగుతున్నా, ఈ చుట్టుపక్కల ఏ నెట్‌వర్కూ లేదని యంత్రం ధీమాగా చెబుతోంది.

సరిగ్గా ఆ వారమే తొలకరి కురిసింది. మంగళవారం పొద్దున్నే సుంకమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. ఆరెకరాల ఎర్రనేల ఒంటిచేత్తో సేద్యం చేస్తుంది. సర్కారు గోడౌన్లో తీసుకున్న వేరుశనగ విత్తనం మీద అనుమానం వచ్చి, పన్నెండు రోజుల కిందట శాంపిల్ ఇచ్చి వెళ్లింది.

"కంబగిరీ, నిన్న మా పక్క దండిగా కురిసింది నాయనా. పదునైంది. ఈ పదును శుక్రవారం దాకా నిలిస్తే గొప్ప. రిపోర్టు ఇయ్యి, మూటలు మార్చుకోని పోతా."

"నీ అనుమానం నిజమే అక్కా. నూటికి నలభై ఒకటే మొలిచినాయి."

"అంటే సగానికి పైన బీడే గదా. నేను దున్నిందంతా కాకులకా?"

రిపోర్టు చూపిస్తే గోడౌన్ వాళ్లు అదే రోజు మూటలు మార్చి ఇస్తారు. అందులో పేచీ లేదు. పేచీ అంతా రిపోర్టు దగ్గరే. దానికి నంబరు శాఖ వెబ్ పోర్టల్ నుంచి రావాలి. కొత్త సర్క్యులర్ ప్రకారం లినక్స్ ప్రతిష్ఠించిన యంత్రాన్ని తప్ప పోర్టల్ ఇంకే యంత్రాన్నీ లోపలికి రానివ్వదు. ఆ యంత్రానికేమో ఇంటర్నెట్ లేదు.

కంబగిరి తన ఫోన్లో వెతికాడు. ఏ దేశంలోనో ఒక పుణ్యాత్ముడికి ఇదే మోడల్ ల్యాప్‌టాప్, ఇదే రోగం. వైఫైని నడిపే డ్రైవరు అనే ప్రోగ్రాము యంత్రంలోనే ఉందట, నిద్రపోతోందట. ఒక్క వరుస ఆదేశం కొడితే లేస్తుందట. కంబగిరి ఆ వరుసను అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. యంత్రం పాస్‌వర్డు అడిగింది. తనది ఇచ్చాడు. తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి.

"కంబగిరి సుడోయర్స్ జాబితాలో లేరు. ఈ సంఘటన నివేదించబడుతుంది."

సుడోయర్స్ అంటే సూపర్ యూజర్ అధికారం వాడుకునే అనుమతి ఉన్నవాళ్లు. ఆ అనుమతి లేని వాళ్లు ఆదేశం కొడితే ఆ యంత్రాలన్నీ అనే మాటే అది. కంబగిరికి ఆ సంగతి తెలుసు. కవరు విప్పించి పాస్‌వర్డు తీసుకుంటే రెండు నిమిషాల పని. అందుకే త్రివిక్రమరావు గారిని పిలిచాడు. తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతను చేసిన పెద్ద తప్పు అదే.

త్రివిక్రమరావు గారు కళ్లజోడు సవరించుకుని ఆ రెండు వాక్యాలూ చదివారు. మళ్లీ చదివారు.

"నివేదించబడుతుంది అంటే ఎవరికి?"

"ఎవరికీ కాదు సార్. యంత్రం తన లోపలే ఒక మూల రాసుకుంటుంది. అంతే."

"ఇరవై ఏడేళ్ల సర్వీసయ్యా నాది. ఎవరికీ పోని నివేదికను నేనింతవరకు చూడలేదు. పైకి పోయే ఉంటుంది."

"నెట్టే లేదు కదా సార్. ఎట్ల పోతాది?"

"అదే మరి! నెట్ లేకుండా కూడా పోగలిగిందంటే వ్యవహారం ఎంత పైస్థాయిలో ఉందో ఆలోచించు."

"సార్, ఆ కవరొకసారి విప్పితే..."

"కవరు విప్పితే రహస్యం రహస్యంగా ఉండదు. దాన్ని రహస్యంగా ఉంచడానికే కదయ్యా నన్నిక్కడ పెట్టింది."

సుంకమ్మ గుమ్మంలోంచి తల పెట్టింది. "సార్, నలభై ఒకటని ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యండి. నేను పోతా."

"చేత్తో రాస్తే అది రాత అవుతుందమ్మా. యంత్రం రాస్తేనే నివేదిక." ఆ మాట అన్నాక ఆయనకే నచ్చింది. కూర్చుని అదే మాటతో మొదలుపెట్టి పైకి లేఖ రాశారు.

యంత్రం నివేదిక పై వాళ్లకు చేరేలోగా తన నివేదిక చేరాలన్నది ఆయన ఆత్రం. "సదరు యంత్రము తమకు సమర్పించిన, లేక సమర్పించబోవు నివేదికకు అనుబంధముగా ఈ క్రింది విషయములు మనవి చేయడమైనది" అని డిప్యూటీ డైరెక్టరుకు మనిషి చేత పంపించారు. సంఘటనా స్థలాన్ని యథాతథంగా ఉంచాలని ఆఫీసు ఆర్డరు వేశారు. తెర ఆరిపోతే సాక్ష్యం తారుమారైనట్టేనని, నాలుగు నిమిషాలకొకసారి మౌసు కదిలించే బాధ్యత కంబగిరికే అప్పగించారు. మౌసు కదిలించవచ్చు, మీటలు ముట్టరాదు. ముద్దాయి చేత సాక్ష్యానికి కాపలా పెట్టించడం ఆ శాఖలో కొత్తేమీ కాదు.

బుధవారం జవాబు వచ్చింది. రైతు అర్జీ అయితే ఆ దారిలో నెల పడుతుంది. భయం మాత్రం ఒక్క రోజులో పోయి వస్తుంది. డిప్యూటీ డైరెక్టరుకు ఏ యంత్రం నుంచీ ఏ నివేదికా రాలేదు. రాలేదని ఒప్పుకుంటే, రావలసినది తనకు రాలేదని నలుగురికీ తెలుస్తుంది. పైగా తన మీద ఏమని వచ్చిందో! అందుకని ఆయన రాశారు: "యంత్రము యొక్క నివేదిక యథోచిత మార్గమున ఈ కార్యాలయమునకు అందినది. పరిశీలనలో ఉన్నది."

"చూశావా?" అన్నారు త్రివిక్రమరావు గారు, కాగితం చూపిస్తూ. "అందిందట."

కంబగిరి ఆ కాగితం వైపూ ల్యాప్‌టాప్ వైపూ మార్చి మార్చి చూశాడు. తెర మీద వైఫై గుర్తు మీద ఎర్ర గీత అలాగే ఉంది.

గురువారం శాఖ కమిషనరేట్ నుంచి లేఖ వచ్చింది. వాళ్లకు కూడా అందిందట. అయితే తమ ప్రతి "ఇతర ఫైళ్లతో కలిసిపోయినందున" డిప్యూటీ డైరెక్టరు దగ్గరున్న ప్రతికి నకలు పంపమన్నారు. డిప్యూటీ డైరెక్టరు తన దగ్గరి ప్రతి త్రివిక్రమరావు గారికి వాపసు చేశానని రాశారు. త్రివిక్రమరావు గారు అది రహస్య కవరులో ఉందని రాసి ఊపిరి పీల్చుకున్నారు.

అదే మధ్యాహ్నం జిల్లాలోని మిగతా పది కేంద్రాలకూ మెమోలు వెళ్లాయి. ఒక కేంద్రంలో ఒక సంఘటన నివేదించబడగా, మీ కేంద్రంలో ఒక్కటీ నివేదించబడకపోవడానికి కారణమేమి? లినక్స్‌ను మీరు చిత్తశుద్ధితో వాడటం లేదని ఎందుకు భావించరాదు? మెమో అందుకున్న వాళ్లు వాళ్ల యంత్రాల ముందు కూర్చుని, నోటికొచ్చిన ఆదేశాలు కొట్టి, తలా ఒక సంఘటన పుట్టించారు. ఒక కేంద్రం వాళ్లు పోటీకి పోయి పదిహేడు పుట్టించారు. సాయంత్రానికి కమిషనరేట్ సంతోషించి, ఇకపై ప్రతి కేంద్రం నెలకు కనీసం ఎనిమిది సంఘటనలు నివేదించాలని లక్ష్యం పెట్టింది.

సుంకమ్మ మూడు రోజులూ వచ్చింది. వస్తూ చేన్లోంచి గుప్పెడు మట్టి కొంగున కట్టుకుని వచ్చేది. మంగళవారం ఆ మట్టి పిడికిలి పడితే ముద్దగా నిలిచింది. గురువారానికి పిడికిలి విప్పగానే రాలిపోతోంది. దాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు. బల్ల మీద పోసి, మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం ప్రత్యేక విచారణాధికారి శేషశయనం గారు కారు దిగారు. వెంట ఇద్దరు సభ్యులు. కుర్చీలు వేయించారు, ఫ్యాను వేగం పెంచారు, కంబగిరిని నిలబెట్టారు. సుంకమ్మ అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"నువ్వు ఆ జాబితాలో ఉన్నావా?"

"లేను సార్."

"లేనని తెలిసీ ఆదేశం ఎందుకు కొట్టావు?"

"ఈ అక్కకు రిపోర్టు ఇయ్యాలని సార్."

"ఈమె జాబితాలో ఉందా?"

"లేదు సార్. ఈమె రైతు."

"రాసుకోండి," అన్నారు శేషశయనం గారు పక్కనున్న సభ్యుడితో. "జాబితాలో లేని ఒక వ్యక్తి, జాబితాలో లేని మరొక వ్యక్తి ప్రయోజనార్థం."

సుంకమ్మ లేచింది. "నా పేరు గూడా ఎక్కించండి సార్ ఆ లిస్టులో. పంట నష్టం రాసినప్పుడు లిస్టులో లేనన్యారు. బోరుకు అడిగితే లిస్టులో లేనన్యారు. ఇప్పుడీ పెట్టె లోపల గూడా ఒక లిస్టు ఉందంటిరి, దాంట్లోనూ లేనంటిరి. నేనుండే లిస్టు యాడుందో జెప్పండి, ఆడికే పోతా."

శేషశయనం గారు ఆమె మాట్లాడింది విచారణాంశం కాదని కొట్టేయించారు.

"ఈ సూపర్ యూజర్ అంటే ఎవరు? ఏ స్థాయి?"

"యంత్రంలో ఏ పనైనా చెయ్యగల ఖాతా సార్. దానికి పైన ఎవరూ ఉండరు."

"కమిషనర్ గారికి కూడా పైనా?"

"యంత్రం లోపల... అవును సార్."

ఒక సభ్యుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కమిషనర్ కన్నా పై స్థాయి పదవి ఒకటి మార్కెట్ యార్డు వెనక గదిలో ఖాళీగా పడి ఉండటం పాలనాపరంగా ప్రమాదకరమని శేషశయనం గారు నోట్ చేయించారు. ఆ పదవిని తక్షణం మంజూరు చేసి, తగిన సీనియారిటీ గలవారిని నియమించే వరకు యంత్రాన్ని ఎవరూ వాడరాదని సిఫార్సు. తగిన సీనియారిటీ అన్నప్పుడు ఆయన టై సర్దుకున్నారు.

తర్వాత కవరు తెరిచారు. అయిదు సీళ్లూ ఒకటొకటిగా పంచనామా రాసి పగలగొట్టారు. లోపల కాగితం మీద పెద్ద అక్షరాలతో పాస్‌వర్డు ఉంది. కవర్లో ఉండాల్సిన నివేదిక ప్రతి ఏదని ఎవరూ అడగలేదు, అందిందని అందరూ రాసి ఉన్నారు కదా. అధికారులు ముగ్గురూ, త్రివిక్రమరావు గారూ ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చదివారు. ఇంతమంది చూశారు కాబట్టి దాని రహస్య స్వభావం భంగమైందని తేల్చారు. దాన్ని కొత్త కవర్లో పెట్టి ఈసారి ఏడు సీళ్లు వేశారు. దాన్ని యంత్రంలో కొట్టి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. బల్లకు అవతల నిలబడ్డ కంబగిరి దాన్ని తలకిందులుగా చదివేశాడు.

భోజనానికి లేస్తూ శేషశయనం గారు అతని భుజం తట్టారు. "భయపడకు. నీ కాంట్రాక్టు రెన్యూవల్ ఈ నెలాఖరే కదా? యంత్రమే తొందరపడి నివేదించిందని తేలుస్తాను. నువ్వు మాత్రం దాన్ని ముట్టకు. ముట్టావో, నేను చేయగలిగేదేమీ ఉండదు."

త్రివిక్రమరావు గారిని కూడా ఎక్కించుకుని కారు గెస్ట్ హౌసు వైపు వెళ్లిపోయింది. గదిలో కంబగిరి, గుమ్మంలో సుంకమ్మ మిగిలారు.

"నాయనా, ఈ పొద్దు ఇత్తకపోతే ఇంక లేదు," అంది ఆమె. అడుగుతున్నట్టు కూడా లేదు. వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

కంబగిరి మౌసు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఇంటి దగ్గర ముగ్గురు తినే నోళ్లున్నాయి. తొమ్మిదేళ్లు చేతులు కట్టుకుని బతికాడు, ఇంకో నాలుగు గంటలు కట్టుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. అంతా తెలుసు. తెలిసే చెయ్యి మౌసు మీంచి తీసి మీటల మీద పెట్టాడు. సూపర్ యూజరై ఆ ఒక్క వరుసా కొట్టాడు. ఈసారి యంత్రం ఒక్క మాట కూడా అనలేదు. రెండు క్షణాల్లో రౌటరు పేరు కనపడింది. పోర్టల్ తెరుచుకుంది. నంబరు వచ్చింది. ప్రింటరు కీచుమంటూ ఒక కాగితం కక్కింది.

సుంకమ్మ దాన్ని తడి చేత్తో పట్టుకోకుండా కొంగుతో పట్టుకుంది. "దేవుని లాంటోడివి" అని ఏమీ అనలేదు. పరుగులాంటి నడకతో గోడౌన్ వైపు వెళ్లిపోయింది. సాయంత్రానికి బాడుగ ట్రాక్టరుతో కొత్త విత్తనం ఆరెకరాల్లోనూ పడింది.

విచారణ నివేదిక మూడు వారాలకు వచ్చింది. మొదటి సంఘటనలో కంబగిరి నేరం రుజువైంది. అధికారం లేకుండా ప్రయత్నించాడు, విఫలమయ్యాడు. కాంట్రాక్టు రెన్యూవల్ లేదు. రెండోదాని గురించి శేషశయనం గారు నాలుగు పేజీలు రాశారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఏదో చేసినట్టు కనబడుతున్నది. అయితే యంత్రం ఏ సంఘటననూ నివేదించలేదు. యంత్రం నివేదించని సంఘటన జరగనట్టే. జరగని సంఘటన ద్వారా వెలువడిన రిపోర్టు వెలువడనట్టే. వెలువడని రిపోర్టు మీద మార్చిన విత్తనం మార్చనట్టే. కావున సదరు విత్తనాన్ని రైతు నుంచి వెంటనే రాబట్టవలెను.

రాబట్టడానికి త్రివిక్రమరావు గారు జీపులో సుంకమ్మ చేనికి వెళ్లారు. పంచనామాకు మొలకల సంగతి తెలిసిన సాక్షి ఒకరు కావాలి. శాఖలో అలాంటి వాళ్లు ఎవరూ మిగల్లేదు గనక ఉద్యోగం పోయిన కంబగిరినే బతిమాలి తీసుకెళ్లారు. చేను చివరి నుంచి చివరిదాకా సాళ్లు సాళ్లుగా పచ్చగా లేచి ఉంది. కంబగిరి ఒక సాలు వెంట వంగి నడుస్తూ విత్తనం పడిన నూరు చోట్లు చూసి మొలకలు లెక్కపెట్టాడు.

"నూటికి తొంభై మూడు సార్."

అతని కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు.

త్రివిక్రమరావు గారు గట్టు మీద నిలబడి చేతిలో కాగితం చదివారు. "సుంకమ్మా, ప్రభుత్వ విత్తనం నీ స్వాధీనంలో అక్రమంగా ఉంది. వాపసు చెయ్యాలి."

"అదో ఉంది గద సార్. పీక్కోండి."

త్రివిక్రమరావు గారు వంగి ఒక మొక్క మీద చెయ్యి వేయబోయి ఆగిపోయారు. పీకితే అది విత్తనమా, పైరా? విత్తనమైతే తన శాఖ. పైరైతే వ్యవసాయ శాఖ. పీకమని ఉత్తర్వులో ఉందా? రాబట్టమని మాత్రమే ఉంది. రేపు పంట నష్టం కింద తన మీద కేసు వస్తే? చెయ్యి వెనక్కి తీసుకుని మట్టి దులుపుకున్నారు.

"దీనికి ప్రత్యేక ఉత్తర్వు కావాలి. పైకి రాస్తాను. వ్యవసాయ శాఖ అభిప్రాయం, న్యాయ శాఖ అభిప్రాయం తెప్పించాలి. అంతవరకూ ఒక్క మొక్క కూడా ముట్టకూడదు. పశువులు పడకుండా చూసుకోవాలి. కలుపు పెరగనివ్వకూడదు. ఇది ప్రభుత్వ ఆస్తి."

"అట్లనే సార్, బిడ్డ మాదిరి చూసుకుంటా. ఉత్తర్వు రానీకి ఎన్ని దినాలు పడ్తాది?"

"యథోచిత మార్గంలో రావాలి కదా. మూడు నెలలు, నాలుగు నెలలు."

సుంకమ్మ వేళ్ల మీద నెలలు లెక్కేసింది. చేను వైపు చూసింది. నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాలుగు నెలలకు కాయ ముదురుతాది సార్. చెనక్కాయ చెట్లు ఎట్లన్నా పీకాల్సిందే. ఉత్తర్వు తెచ్చి, మీ మనుషుల్నే పంపీండి. ఒక్క మొక్క ఇడ్సకుండా పీకిచ్చుకుంటా."

త్రివిక్రమరావు గారు ఆ మాటను అక్షరాలా పంచనామాలో రాయించి, రైతు సహకరించుటకు అంగీకరించినదని కింద సంతకం పెట్టారు.